చుక్కల లెక్క

గుణుపురంలో రాత్రి డ్యూటీ, పన్నెండు గంటలు.
సెలైన్ నిమిషానికి ఇరవై చుక్కలు.
నాకు నిమిషానికి అర్ధరూపాయి.
మొన్న మందుల చీటీ వెనక భాగించి నేనే తేల్చాను.
అంతవరకూ నెల జీతమే తెలుసు,
గంట సంగతి తెలీదు.

నాతో చదివిన కుసుమ విశాఖలో ఉంది.
గంటకి డెబ్భై ఏడంట, ఎనిమిది గంటలే.
అదే సూది, అదే దూది.
మధ్యలో ఒక్క ప్యాసింజరు బండి.

కొత్తగా చేరిన మినతి సబరకి ఇరవై రెండు.
"నీకు ముప్ఫయ్యేనా అక్కా? పదకొండేళ్లకి?"
వేళ్లు మడిచి చూసుకుంది పిల్ల.
ఏడాదికి రూపాయి కూడా పడలేదు.

రెండు దాటాక కొండ మీంచి దించారు
విరేచనాలతో వడిలిపోయిన పసిగుడ్డుని.
మినతి మూడుసార్లు గుచ్చింది, నరం దొరకలేదు.
తల్లి సవరలో ఏదో అడిగితే తనే బదులిచ్చింది.
నాకు రాని ఆ భాషకి
జీతాల పుస్తకంలో గడి లేదు.
టార్చి పట్టమని, కణత పక్కన తడిమాను.
దారప్పోగులా తగిలింది.

నాలుగు సెకన్లు.
మూడు పైసల పని.

ఏడున్నరయింది. నన్ను విడిపించాల్సినామె రాలేదు.
ఈ అరగంట ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.
మినతి గొట్టం దగ్గర నిలబడి
పెదాలు కదుపుతూ చుక్కలు లెక్కెడుతోంది.
వచ్చే నెల తనూ విశాఖ బండెక్కుతుందట.

"వెళ్లు," అన్నాను.
"ముందా చక్రం కాస్త బిగించు.
పసివాడికి అంత జోరు పనికిరాదు."