కౌంటు

తెల్లారకముందే చెరువుగట్టు మీద
కాటా పక్కన నిలబడే మనిషిని.
క్రేటులోంచి కిలో తీసి పరదా మీద పోసి
చూపుతోనే చెప్పేస్తాను: అరవై రెండు.
రైతు యాభై ఎనిమిదంటాడు, కంపెనీ కుర్రాడు అరవై ఆరంటాడు.
చివరికి నా మాటే చెల్లుతుంది.
ఎవరి అప్పు తీరిందో, ఎవరిది పెరిగిందో
వెనక్కి తిరిగి చూడను.

ఆకివీడులో ఇంటికొచ్చేసరికి
ఎంత రుద్దినా పోని నీచు.
వంటింటి గట్టు మీద, గ్రైండరు పక్కన
రెండడుగుల గాజుతొట్టి.
అందులో ఎర్రరొయ్యలు, వడ్లగింజంతేసి.
మొదటిరోజు పల్లాలమ్మ నవ్వింది:
"ఇవేం కౌంటండీ?"
కిలోకి నాలుగు వేలు తూగుతాయేమో అన్నాను.
"అయితే ఇగురుకి రావు" అంది.
ఆ మాటతో వాటికి మా ఇంట్లో చోటు ఖాయమైంది.

వాటి మేత ఎంతని! ఎండిన బాదమాకొకటి,
ఉడికించిన పాలకూర గోరంత.
ఆకు మీద చేరి ముంగాళ్ళతో
ఏరుకుంటాయి, ఏరుకుంటాయి,
ఒక్కటీ తలెత్తదు.

వైశాఖంలో కాలువ కట్టేశారు.
కుళాయిలో బ్లీచింగు వాసన.
బకెట్లో పట్టి రెండురోజులు ఎండనిచ్చి
గ్లాసు గ్లాసుగా పోసేవాణ్ణి.
ఓసారి పరాకున రాగిచెంబు ముంచబోతే
పల్లాలమ్మ చెయ్యి పట్టుకుంది.
రాగి వాటికి విషమని
నేను చెప్పిందే నాకు చెప్పింది.
(తనకి అవంటే ఇష్టం లేదట.)

ఒక పొద్దున అడుగున తెల్లగా పడుంది ఒకటి.
తెల్లమచ్చ అనబోయి
నాలుక కరుచుకున్నాను.
నిరుడు సత్తిరాజుగారి పదెకరాల రొయ్య
మూడు రాత్రుల్లో గట్టుకి కొట్టుకొచ్చింది.
ఏరియేటర్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి,
ఆపాలని ఎవరికీ తోచలేదు.
చెంచాతో తీసి బల్బు కింద పెడితే
లోపల ఎవరూ లేరు.
మీసాలతో సహా విడిచిన చొక్కా.
దాని మనిషి పాచిలో నక్కి ఉంది,
కొత్త ఒళ్ళింకా గట్టిపడక.
గుల్లని తిరిగి నీళ్ళలో వేశాను.
రాత్రికల్లా ఎవరో తినేశారు.

తెచ్చినవి పన్నెండు.
లెక్కపెడితే ఓరోజు తొమ్మిది, ఓరోజు పధ్నాలుగు.
పొట్టకింద పచ్చటి గుడ్లు మోస్తూ ఒకతి
కాళ్ళతో వాటికి విసురుతోంది.
దాన్నొక్కదాన్నీ లెక్కెయ్యాలా, ముప్పైగానా?

రాత్రి కరెంటు పోయింది.
బుడగలు ఆగాయి.
ఊరవతల చెరువుల మీద
జనరేటర్లు ఒక్కొక్కటే గొంతు సవరించుకున్నాయి.
మాకు జనరేటరు లేదు.
టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని
గ్లాసుతో ముంచి, ఎత్తి, పోస్తున్నాను
ముంచి, ఎత్తి, పోస్తున్నాను.
పల్లాలమ్మ లేచొచ్చి నిలబడింది:
"ఎన్నున్నాయి?"
తెలీదన్నాను.
ఇరవయ్యేళ్ళలో ఏ గట్టు మీదా అనని మాట.
తను ఇంకో గ్లాసు తెచ్చుకుంది.
స్టీలుదే.