తొమ్మిదో కానుగ

జయనగర్ మూడో బ్లాకు, మా అడ్డరోడ్డులో
పదకొండు కానుగ చెట్లు.
తొమ్మిదో దాని కింద మా గేటు.

ఆషాఢం ముసురు పట్టిందంటే
ముందు ఆకుకొక చుక్క,
పసుపు అంచు, నడుమ కాఫీ మరక.
తర్వాత లెక్క ఉండదు.
మేడ మీదినుంచి చూస్తే
మసూచి పోసిన ముఖం వంచుకొని
చెట్టే మనల్ని చూస్తున్నట్టుంటుంది.

"కొట్టించేద్దాం" అన్నాడు ఎదురింటి రంగధామయ్య.
ఆయన మూడు కార్లూ
ఆ నీడలోనే ముసలివయ్యాయి.

నేను బ్యాంకులో ముప్పై ఏళ్లు నోట్లు ఎంచినవాణ్ణి.
తెగుళ్ల సంగతి నాకేం తెలుసు?
అయినా మైలుతుత్తం తెచ్చాను, సున్నం తెచ్చాను,
రెండు ప్లాస్టిక్ బకెట్లు.
సున్నపు నీళ్లలోకి నీలం పోయాలి, తిరగెయ్యకూడదు.
"ఇనప మేకు ముంచి చూడండి సార్,
ఎర్రబడితే ఇంకా సున్నం పడాలి"
అన్నాడు నర్సరీ కుర్రాడు.
ఎర్రబడింది. సున్నం వేశాను. మళ్లీ ఎరుపు.
మూడోసారికి మేకు మేకులాగే పైకొచ్చింది.

పంపు ఎంత కొట్టినా
ధార మొదటి అంతస్తు దాటలేదు.
మిగిలిన నీలమంతా రంగధామయ్య కారు మీద.
ఆ పూట వీధి నా గురించే మాట్లాడుకుంది,
సగం కన్నడంలో, సగం తెలుగులో.

మర్నాడు మబ్బులోనే పరక చప్పుడు.
తిప్పక్క. ఊరు మడకశిర పక్కన.
నా నీలం గోళ్లు చూసి నవ్వింది.
చెట్టు మొదట్లో నేను మోకాలెత్తు పోగేసిన ఆకుల్ని
పరక మొనతో కదిపింది.
"ఇది ఎత్తేస్తానంటే పోయినేడు నువ్వే గదా సామీ
వద్దంటివి, ఎరువవుతాదని?
చూడు, యీ ఆకుకీ ఆ ఆకుకీ అదే మచ్చ.
తొలకరి పడతానే ఇదంతా లేచి పైకి పోతాది.
మా చెనిక్కాయ చేలో ఇంతే."

నేనేం మాట్లాడలేదు.
మూడేళ్లు ఆ రోగానికి
పరుపు వేసి, నీళ్లు చిలకరించి
వీధిలో ఎవరికీ లేని పుణ్యం అనుకున్నాను.

మాఘంలో చెట్టు ఆకు రాల్చింది.
రోజుకు మూడు గోనెసంచులు.
ఆమె ఊడ్చేది, నేను సంచి మూతి పట్టుకునేవాణ్ణి.
కాల్చనివ్వలేదు, పొగ పిల్లోళ్లకు మంచిది కాదని.
బండి రాని రోజుల్లో
సంచులు మా వరండాలోనే పడుకున్నాయి.
మూడు అర్జీలు పెడితే
కొమ్మలు సవరించేవాళ్లు ఒకసారి వచ్చారు.
ఎండ ఇప్పుడు చెట్టు నడుమదాకా దిగుతోంది.
రాత్రి వాన తడి పదింటికల్లా ఆరిపోతోంది.

ఈ ఆషాఢంలోనూ చుక్కలొచ్చాయి.
రాలేదని చెప్పను.
రాలినవాటిలో నూరు ఎంచాను, పాత అలవాటు.
పోయినేడు డెబ్బై రెండు మచ్చవి.
ఈసారి ముప్పై ఒకటి.

తిప్పక్కకు చెబుదామని మబ్బులో లేచాను.
ఆమెను యశవంతపురం వైపు వేశారట.
కొత్తమ్మాయి, చెవుల్లో పాటలు,
ఆకుల్ని తిన్నగా
చెట్టు మొదట్లోకి తోస్తోంది.

గోనెసంచి దులిపి, గేటు తీశాను.