పద్నాలుగో వారం

సెప్టెంబరు చివర. బల్లారట్‌కి చలి ఇంకా వదల్లేదు.
నెవిల్ తెచ్చిచ్చిన అట్టపెట్టెలో ఐదు కోడిపిల్లలు,
కాటుకలో ముంచి తీసిన దూది ఉండల్లా.

"ఐదూ పెట్టలే" అన్నాడు.
వాళ్ళావిడ పెళ్ళుంగరం దారానికి కట్టి
ఒక్కో పిల్ల మీదా వేలాడదీశాడు.
గుండ్రంగా తిరిగితే పెట్ట, ఇటూ అటూ ఊగితే పుంజు.
ఐదుసార్లూ గుండ్రంగానే తిరిగింది.
ఆవిడ పోయి మూడేళ్ళు.
ఆయన చెయ్యి వణుకుతుంది,
ఆ సంగతి నేనెత్తలేదు.

మా సందులో పుంజు ఉండకూడదు.
కౌన్సిల్ ఉత్తరం ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద.
నా కోడీ నా కుంపటీ లేకపోతే
ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ
ఇక్కడికొస్తే ఏమైపోయేదో!
ఇక్కడ కోడి కూయకుండానే తెల్లారాలి,
లేదంటే జరిమానా.

అందరూ ఆడపిల్లలే కావాలని కోరుకున్న వీధి
నేనింకోటి చూడలేదు.

ఆస్పత్రిలో స్కానింగ్ గది నాది.
పొట్ట మీద జెల్ రాసి, ఆ బూడిదరంగు వానలో వెతికి
పాపో, బాబో చెప్పేస్తాను.
రోజుకి ఇద్దరైనా నా చెయ్యి పట్టుకుని ఏడుస్తారు.
కానీ పని నేర్చుకున్నది నరసరావుపేటలో,
"ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అన్న బోర్డు కింద.
నీలం అక్షరాలు, ఒక మూల పెచ్చులూడి.
మొహం మీద ఏమీ రాకుండా చూసుకోవడం
అక్కడ మొదటి పాఠం.
కళ్ళు తెర మీదే ఉంచి
"ఆరోగ్యంగా ఉందమ్మా" అనడం రెండోది.

ఒకావిడ నా మణికట్టు పట్టుకుంది.
"నోటితో చెప్పొద్దులే తల్లీ,
మగైతే ఒక్కసారి దగ్గు, చాలు."
ఆ రోజు నాకు నిజంగానే జలుబు.
గొంతు బిగబట్టి, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే
మెట్ల కిందికి పరిగెత్తి దగ్గొచ్చాను.

కోడిపిల్లల దగ్గర నా చదువు పనికిరాలేదు.
రెక్క విప్పి ఈకల వరసలు చూడమన్నారొకరు.
ఈ జాతికి ఆ లెక్క కుదరదన్నారింకొకరు.
వెల్లకిలా పడుకోబెట్టు,
కాళ్ళు తన్నుకుంటే పుంజు, ఊరుకుంటే పెట్ట అన్నారు.
ఊరుకున్నది ఒక్కటీ లేదు.

ఈలోపు మా ధృతి పేర్లు పెట్టేసింది,
నా పాత ఆల్బమ్ ముందేసుకుని,
మా అమ్మమ్మలవీ మేనత్తలవీ.
అన్నిటికన్నా ముందు గిన్నె దగ్గరికి ఉరికేది
మంగతాయారు.

పదకొండో వారం, నీళ్ళు మారుస్తూ చూశాను.
మంగతాయారు నెత్తిన తురాయి
కుంకుమ తడిపినట్టు ఎర్రబడింది,
మిగతా నాలుగింటివీ ఇంకా పాలిపోయే ఉన్నాయి.
కాళ్ళు లావు. నిలబడటంలో ఏదో పెత్తనం.
తోక మొదట్లో ఈకలు సన్నగా, మొనదేలి,
నూనె రాసి దువ్వినట్టు పక్కలకి జారుతున్నాయి.
పెట్టకైతే అక్కడ గుండ్రంగా ఉండాలి, గోటి చివరలా.
తెరలో గుండె కొట్టుకోవడం ఎంత స్పష్టంగా చూస్తానో
అంత స్పష్టంగా చూశాను.

"ఏంటమ్మా, అలా చూస్తున్నావ్?"
ధృతి, చేతిలో మొక్కజొన్న నూక.

"ఆరోగ్యంగా ఉంది" అన్నాను.

మూడు వారాలు.
పొద్దు గుంకగానే గూటికి రెండు దుప్పట్లు కప్పేదాన్ని,
చలికాలం పోయి ఎండలు ముదిరాక కూడా.
ఎందుకని ఎవరూ అడగలేదు. ధృతి అడగబోయింది.

కొత్త సంవత్సరం రెండో రోజు, ఇంకా ఐదవలేదు.
తుప్పుపట్టిన గేటు ఎవరో తెరుస్తున్నట్టు మొదలై
సగంలో విరిగి,
మూతిమీద నూగు వచ్చే కుర్రాడి గొంతులా జారిపోయింది కూత.
తర్వాత అంతా నిశ్శబ్దం.
దాని గొంతుకి అదే హడలిపోయుంటుంది.

చెప్పుల్లేకుండా పెరట్లోకి పరిగెత్తాను.
గూడు దగ్గరికి చేరేలోపే
కంచె అవతల వంటింటి దీపం వెలిగింది.
నెవిల్, చారల పైజమాలో,
కర్రల మీదుగా తల పెట్టి:
"ఏదో అరిచింది?"

కంచె పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.
చిటికెన వేలికి ఆ ఉంగరమే.

గట్టిగా దగ్గాను.