చేతులు

ఆ సాయంత్రం బ్రెస్ట్ రేవులో
నీళ్ళు ఏడు మీటర్లు లేచాయి.
వాటికెవరూ ఓటెయ్యలేదు.

ఓట్లు లెక్కపెట్టింది నేనే.
పడవల మరమ్మతు కొట్టు మీది గది,
తారు వాసన, ఒక హీటరు, నాలుగు లాప్‌టాప్‌లు.
మిగతావాళ్ళు తెరమీద చిన్న చిన్న గళ్ళలో:
లిస్బన్ నుంచి ఒకరు, ఓస్లో నుంచి ఇద్దరు,
నిద్రపోతున్న పసిదాన్ని భుజానేసుకుని ఒకరు.

తగువు చిన్నదే.
ఆటుపోట్ల వేళలు చెప్పే మా ప్రోగ్రాం
పాత యంత్రాల మీద ఇంకా నడవాలా, వద్దా?
వద్దంది నొల్వెన్.
పదకొండేళ్ళుగా ఆ పాత కోడ్‌కి
రాత్రిళ్ళు మేలుకుని కాపు కాసింది తనే.
ఉండాలన్నాడు త్యుగ్దువాల్.
వాళ్ళ బాబాయి కాన్‌కాల్‌లో ఆల్చిప్పలు పెంచుతాడు.
షెడ్డులో ముసలి కంప్యూటరు,
మీటల సందుల్లో ఉప్పు.
దాన్ని చూసే ఆయన బురదలోకి దిగుతాడు,
దాన్ని నమ్మే వెనక్కొస్తాడు.
ఆయనకు ఓటు లేదు.
ఒక్క పంక్తి కోడ్ రాయలేదు కదా మరి.

ఎనిమిది నెలలు వాదించుకున్నాం.
మాటలు అయిపోయాక ఓటు పెట్టాం,
అలిసిపోయినవాళ్ళు దీపం ఆర్పినట్టు.

ఉంచాలని ఇరవై మూడు.
తీసెయ్యాలని ఇరవై ఒకటి.
ఒక చెయ్యి ఎటూ లేవలేదు,
పెన్సిల్ పట్టుకున్నది.

ఎవరో చప్పట్లు కొట్టారు.
లిస్బన్ నుంచి ఆ చప్పుడు ఆలస్యంగా వచ్చింది.
నొల్వెన్ కోపగించుకోలేదు,
నాకు భయం వేసింది అందుకే.
“సరే, ఉంచుదాం” అంది.
“ఎవరు చూస్తారు?”

ఎత్తిన చేతులే
ఒక్కొక్కటిగా చేతులెత్తేశాయి.
ఒకరికి కొత్త ఉద్యోగం.
ఒకరికి ఆ భాష రాదు.
ఒకరి భుజం మీద పసిది లేచి ఏడ్చింది.

మూడుసార్లు లెక్కపెట్టాను, తప్పు లేదు.
లెక్కపెట్టాల్సింది అది కాదేమో.

కావాలంటే నొల్వెన్ వెళ్ళిపోవచ్చు.
గడియ లేని ఇల్లు మాది.
అన్నదమ్ములు విడిపోతే చెరో సగం,
మేం విడిపోతే చెరో మొత్తం:
ప్రతి పంక్తీ, ప్రతి తప్పూ, ఎవరో మేలుకున్న ప్రతి రాత్రీ
ఇద్దరికీ పూర్తిగా వస్తుంది.
ఈ పంపకంలో తరిగేది మనుషులొక్కరే.

అర్ధరాత్రి దాటాక మెట్లు దిగితే
రేవులో నీళ్ళు లేవు.
పడవలు బురదలో పక్కకొరిగి ఉన్నాయి.
వ్యవహారం తేలిపోయింది అంటాం,
నీళ్ళుంటేనే కదా ఏదైనా తేలేది!

మఫ్లర్ మరిచిపోయి మళ్ళీ పైకెళ్ళాను.
గెలిచినవాడు
ఓడినామె పక్కకు కుర్చీ లాక్కుని
తెరమీద వేలు పెట్టి అడుగుతున్నాడు,
“ఇదేమిటి, ఇలా ఎందుకు రాశావు?”
“జ్వరంలో రాశాను” అంటోంది నొల్వెన్,
“దాన్ని వదిలేసి కింది పంక్తి చూడు.”

హీటరు ఆపకుండా
తలుపు మెల్లగా దగ్గరికి వేశాను.