తూకం

కాశీబుగ్గలో మా జీడి షెడ్డు
ఎనిమిదింటికి నా ఫోన్‌తో నిద్రలేస్తుంది.
కాటా పక్కన డబ్బా మీద దాన్ని నిలబెట్టి
సౌండు పెంచుతాను.
ముప్పై రెండు మంది ఆడవాళ్లు గింజలు కొడుతూ
లోకాన్ని వింటారు.

దాలమ్మకి
ఏ దేశం ఏ దేశం మీద బాంబులేసిందో తెలుసు.
దుబాయ్‌లో బంగారం ఎంత పడిందో తెలుసు.
ఎవరో హీరోయిన్ విడాకుల్లో
కుక్కపిల్ల ఎవరి వాటాకొచ్చిందో కూడా.
"పాపం, దాన్నేటి సేత్తారో" అని
ఆ పూట సద్దన్నం సగమే తింది.

తన ఫోన్ మాత్రం తనకి తెరుచుకోదు.
జీడి నూనె తినేసిన వేళ్లు,
గీతలరిగి, చింతపిక్కల్లా నున్నగా, నల్లగా.
బొటనవేలు పెట్టి, తుడిచి, మళ్లీ పెట్టి
ఆఖరికి మనవరాలి చేత అంకెలు నొక్కిస్తుంది.
లోపలికెళ్లాక అది దాలమ్మని ఇట్టే గుర్తుపడుతుంది.
నిన్న ఏ వీడియో దగ్గర కళ్లు తుడుచుకుందో
ఇవాళ అలాంటివే పది వడ్డిస్తుంది.

మొన్న మంగళవారం
మందస వైపు నుంచి వచ్చే షేర్ ఆటోలో
పదకొండో మనిషిగా ఇరుక్కుని
ఊసుపోక పక్కావిడని అడిగిందట:
"మీ కాడ కేజీకేటిత్తన్నారప్పా?"

మా షెడ్డుకి మూడో షెడ్డు.
నాలుగు నెలల్నించీ
కేజీకి మూడు రూపాయలు ఎక్కువ.

ఎవరూ దాచలేదు.
ఎవరూ వీడియో తియ్యలేదు కూడా.
తియ్యడానికేముంది అందులో,
మూడు రూపాయలు.

దాలమ్మ తిన్నగా వచ్చి
నా ఫోన్‌ని డబ్బా మీద బోర్లా పడుకోబెట్టింది.
వార్తలు చదివే అమ్మాయి గొంతు
రేకు కింద కాసేపు గొణిగి ఆగిపోయింది.
అప్పుడు వినబడింది గింజలు చిట్లే చప్పుడు.
తొమ్మిదేళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నాను,
ఇంత గట్టిగా ఉంటుందనుకోలేదు.

"నీకు ముందే తెల్సేటి, బాబూ?"

కాటా పట్టేవాడికి పక్క షెడ్డు రేటు తెలియకుండా ఉంటుందా.
దసరాకే తెలుసు.
ఓనరు టీ తాగుతూ చెప్పి, గ్లాసు కింద పెట్టి,
"ఆ ఫోనేదో కొంచెం గట్టిగా పెట్టు" అన్నాడు.

ఇదేదీ నోట్లోంచి రాలేదు.
కాటా మీద పొట్టు ఊదాను.
ముల్లు సున్నా దగ్గర నిలవక వణుకుతోంది.

ఒక్కొక్క చెయ్యే ఆగింది.
ముప్పై రెండు మందీ నావైపే చూస్తున్నారు,
తరవాతి వార్త
నేనే చదవాలన్నట్టు.