ఏడో వారం

కావలి ట్రంకురోడ్డు మీద నా కొట్టు.
పైన ముప్పై అడుగుల గొట్టానికి యాంటెనా,
కింద బల్ల మీద పొట్ట విప్పిన టీవీలు.
మద్రాసు బొమ్మ గాలివాటం చూసుకొని వచ్చేది,
వచ్చినా ముఖం నిండా చీమలు.

జువ్వలదిన్నె నించి పామంజి పోలయ్య
ఎండుచేపల గంప సంతలో ఖాళీ చేసి
ఆఖరి బస్సుకి ముందొచ్చి కూచునేవాడు.
"దీంట్లో నేనుండా అబ్బయా"
ఆడని టీవీని వేలితో తట్టి అనేవాడు.

ఎచ్చులనుకున్నాం.
టీకి డబ్బులిచ్చి మరీ చెప్పించుకునేవాళ్లం.

యాభై ఆరులోనో ఏడులోనో
మద్రాసు హార్బరులో ఓడెక్కిన ఖలాసీ.
లండన్‌లో జ్వరమొచ్చి దిగబడిపోయాడు, ఓడ ఆగలేదు.
కడుపు కోసం టీవీ వాళ్ల షెడ్డు ఊడ్చాడు.
అక్కడ వారానికో రాత్రి నవ్వులాట, అరగంట.
అప్పటికప్పుడు ఆడటం, అప్పటికప్పుడు గాల్లోకి వదలడం.
రీలు లేదు, దాచుకోడం లేదు,
ఉప్పుమడి నీళ్ల మీద పుల్లతో గీసినట్టు.

ఆటలో ఒక దొర. ఆ దొరకి మన దేశంలో బంగళా.
బంగళాకి నౌకరు కావాల.
చీపురు పట్టుకున్న పోలయ్యను ఎవరో చూపించారు.
ఉన్న నలుపు చాలదని
ముఖానికి మసి పూసినారంట.
"నాకు అబ్బయా, నాకు!"
చెప్పిన ప్రతిసారీ అరచెయ్యి తిప్పి చూసుకునేవాడు.

ఒక్క మాట నేర్పారు,
చిలక్కి నేర్పినట్టు, అర్థం చెప్పకుండా.
ఆరు వారాలూ అదే మాట.
తలుపు తోసుకొని పరిగెత్తుకొచ్చి పోలయ్య అనాల,
దొర టీ తాగతా "అట్నా" అనాల,
ఎదురుగా కూచున్న జనం విరగబడాల.

ఏడో వారం పోతే షెడ్డుకి తాళం.
ఎవరికీ నచ్చలేదంట, ఆపేశారంట.
"నవ్వినారు గదయ్యా! ఈ చెవులతో ఇన్నా గదా!"

ఆ మాటేందో అనమంటే
లేచి లుంగీ సర్దుకొని, రొప్పు తెచ్చుకొని,
కళ్లు గుడ్లంత చేసి
"యోరెలీ ఫంటీ జాన్ఫయా సా!"

ముప్పై ఏళ్లు అలలు నాకిన గవ్వ అది.
కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు లాటిన్ ఏమో అన్నాడు.
రైల్వే గార్డు తిట్టే, సందేహం లేదన్నాడు.
పోలయ్య భయమూ అదే:
"ఆరు వారాలు ఎవురి అమ్మనన్నా అన్నానేమో అబ్బయా."

మా కల్పవల్లిని కాన్వెంటులో వేసిన ఏడు.
సోల్డరింగ్ పొగలో నా పక్కన కూచొని
బొమ్మల పుస్తకం గొంతు చించుకొని చదువుతోంది.
ఏ అయింది, బీ అయింది.
ఈ దగ్గర తొండం బొమ్మ.
నా చేతిలో వైరు కాలి వాసనొచ్చేదాకా
అట్లే ఉండిపోయా.

ఆ పై సంత రోజు పోలయ్య గడప తొక్కగానే చెప్పేశా:
"దొరా, నీ ఏనుగు అంటుకునింది. అదీ నీ మాట!"

ఆయన గంప దించలేదు.
నవ్వుతాడనుకున్నా.
నవ్వకపోతే, ఆ జనం నవ్వింది ఏనుక్కా మసిక్కా అని
అడుగుతాడనుకున్నా,
దానికో జవాబు కూడా వండి పెట్టుకున్నా.

చీమల టీవీకేసి చూస్తా నిలబడ్డాడు.
రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. మళ్లీ కొట్టింది.

"ఆర్పినారా మరి?" అన్నాడు.