పామ్ చెట్లున్న గడులు

ఫర్వానియాలో మా కొట్టు వెనక కౌంటరు నాది.
అమ్మేది ముందు. తిట్టేది నా దగ్గర.

పొద్దున ఒకాయన టీవీ రిమోట్ తెచ్చి
గాజు మీద టపీమని పెట్టాడు.
వెనక మూత తీశాను. బ్యాటరీలు తలకిందులు.
ఆయన నన్ను చూడలేదు, నేనూ ఆయన్ని చూడలేదు.
ఈ కౌంటరులో మర్యాదంటే అదే.

తర్వాత, అప్‌డేట్ అయినప్పట్నుంచీ
నమాజు వేళ తప్పు చెప్పే గడియారం.
తర్వాత రెడ్డెమ్మక్క ఫోను,
కొడుకు మొహం ముక్కలు ముక్కలుగా విరిగిపోతోందని.
"నెట్టు సన్నంగా ఉందక్కా, ఫోను బాగానే ఉంది" అన్నాను.
"బాగున్నది ఎందుకప్పా పనిచెయ్యదు?" అంది.
ఎమ్మెస్సీలో ఇట్లాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఎమ్మెస్సీ బోటనీ. చెప్పలేదు కదూ.
చెప్పే సందర్భం ఇక్కడ రాదు.

అన్నం డబ్బా మూత తీసేసరికి ఉత్తరం:
ప్రియమైన పూర్వ విద్యార్థీ,
మీ యూనివర్సిటీ ఖాతా ఈ రాత్రి పన్నెండింటికి మూసేస్తున్నాం.

పూర్వ.
పంటికింద రాయి.

నా నాలుగు నెలల కొండ ఆ ఖాతాలో ఉంది.
పాలకొండల్లో పేరీత కోసం తిరిగిన ఫొటోలు, కొలతలు,
ఫారెస్టు గార్డు దస్తగిరి కోసిచ్చిన సీతాఫలం పక్కన
స్కేలు పెట్టి తీసిన ఒక పనికిమాలిన ఫొటో.
పాస్‌వర్డ్ గుర్తు లేదు.
మా అందరి తరఫునా ల్యాబ్ కంప్యూటరే గుర్తుపెట్టుకునేది.

తెర అడిగింది: మీరు రోబో కాదని నిరూపించుకోండి.
పామ్ చెట్లున్న గడులన్నీ నొక్కండి.

మూడు గడుల్లో ఖర్జూరం. ఒకదాంట్లో కొబ్బరి.
ఐదో దాంట్లో, ఏదో హోటలు వాకిట్లో కుండీలో,
మా పేరీతకు దగ్గరి చుట్టం.
చూడ్డానికి ఈతే. ఈత కాదు.
భూమ్మీద పువ్వనేదే లేనప్పుడు పుట్టిన వంశం.
ఆ ఒక్క ముక్క చెప్పడానికి
మెస్సు సాంబారు తాగి నలభై రెండు పేజీలు రాశాను.
దాన్ని నొక్కలేదు.

తప్పు, అంది. మళ్లీ ప్రయత్నించండి.
మళ్లీ అదే బొమ్మ. మళ్లీ నొక్కలేదు. మళ్లీ తప్పు.
వైవాలో సుగుణాకర్ సారు
కళ్లద్దాల మీంచి చూసిన చూపు గుర్తొచ్చి
వేలు వెనక్కి తీసుకున్నాను.

కాసేపే.
నొక్కాను.
మీరు మనిషే, అంది.

ఓటీపీ మాత్రం పాత నంబరుకి వెళ్లింది.
విమానం ఎక్కాక రీచార్జి చెయ్యని నంబరు.
నా నంబరుకి నేనే ఫోన్ చేశాను.
"ఎవురు నాయనా?"
ముసలి గొంతు. వెనక మేకలు.

ఆరంకెలు వచ్చుంటాయవ్వా, అన్నాను.
"వచ్చినాయిలే. ఎవురడిగినా చెప్పొద్దంది మా మనమరాలు."
కాదనలేకపోయాను.
మా గోడ మీదా అదే రాసి ఉంది, మూడు భాషల్లో.
"నీకోసం ఎవురో చేస్తానే ఉంటారు నాయనా.
మెస్సు బాకీ ఏడొందల నలభై అంట.
ఆ పిల్లోడు నేను కాదంటే నమ్మరు."
నేనే వాణ్ణంటే ఇక్కడా నమ్మడం లేదవ్వా, అన్నాను.
నవ్వింది. "రాత్రికి చెయ్యి. పాప ఉంటాది, దాన్నడుగు."

అక్కడ పన్నెండంటే ఇక్కడ తొమ్మిదిన్నర.
ఆ సంగతి తొమ్మిదీ నలభైకి తట్టింది,
ప్రింటరు కాగితం మింగిందని ఒకతను అరుస్తుంటే.
పట్టి లాగాను. సగం వచ్చింది.

కొట్టు మూసి నడిచాను.
రోడ్డు మధ్య ఖర్జూరాల వరస,
నరికిన పాత మట్టల గుర్తులు మెట్లు మెట్లుగా.
ఒకదాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను.
ఇది మాత్రం పామే. సందేహం లేదు.

మాటిచ్చాను కదా అని ఫోన్ చేశాను.
"నీకోసమే మేలుకోనుండాం అన్నా" అంది ఆ పాప.
ఫోన్లోది యాడ పోతుందోనని
అవ్వ పాలలెక్క పక్కన గోడ మీద
బొగ్గుతో రాసిపెట్టిందంట.

నాలుగు. సున్నా. మళ్లీ నాలుగు. ఎనిమిది. రెండు.
"కడాది ఒకటో ఏడో తెలీడంల్యా" అంది.

దగ్గరికి పోయి చూడమ్మా, అన్నాను.
తొందరేం లేదు.